దిగిన చేతులు

ఈ మాట ఇన్నేళ్లుగా నా లోపల కుళ్లుతోంది. బరువు అందామా? బరువైతే ఎక్కడో ఒకచోట దించుకునేదాన్ని. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే "పోనీలే" అంటారు. నాకు ఆ మాట వద్దు.

మొన్న క్లాసులో ఒక అమ్మాయి లేచి, "ఎవరొచ్చినా దొంగలే గద మేడం, ఎందుకీ ఓట్లు?" అంది. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. బల్ల గుద్ది అరిచాను. ఎవరి మీద ఆ కోపం? ఆ పిల్ల అన్నది నా మాటే. వరంగల్‌లో ఆ మాటను నా అంత బాగా అమ్మినవాళ్లు లేరు.

కాశిబుగ్గలో నేతపని చేసే ఇంట్లో పుట్టాను. చరిత్ర చదివి లెక్చరర్‌నయ్యాను. రాజ్యాలు లేస్తాయి, మదిస్తాయి, కూలుతాయి, మళ్లీ లేస్తాయి అనే చక్రం సిద్ధాంతం నాకు తెగ నచ్చింది. డెబ్బైల చివర్లో మా చేనేత సంఘానికి ఒక షావుకారు మనిషి అధ్యక్షుడు. మంచి నూలు తనవాళ్లకు, ముట్టుకుంటే తెగే నూలు మిగతావాళ్లకు. "వీడి కాలం అయిపోయింది, చక్రం తిరుగుతది" అని గల్లీ గల్లీ తిరిగి చెప్పాను. తిరిగింది. ఆ కుర్చీలో మా అన్న కూర్చున్నాడు.

కొన్నాళ్లకే అన్న ఇంటి వెనక గదిలో సంఘం ముద్రతో మంచి నూలు బేళ్లు చూశాను. వదిన చాయ్ ఇచ్చింది. తాగాను. ఏమీ అడగలేదు.

ఆ ఏడు సంఘం మీటింగులో రాజవ్వ లేచింది. నా చిన్ననాటి జత, మా గల్లీ చివరి మగ్గం ఆమెది. తనకిచ్చిన నూలు చిలపలోంచి ఒక పోగు తీసి అందరి ముందూ లాగింది. పుటుక్కున తెగింది.

"గీ నూలుతోని నేసుడెట్ల? అధ్యక్షున్ని దించాలె. ఒప్పుకునేటోళ్లు చేతులెత్తుండ్రి!"

మా సంఘంలో ఓటంటే చెయ్యెత్తడమే. ఒక్కొక్క చెయ్యే లేచింది. సగానికి మించి లేచాయి. అన్న నా వైపు చూశాడు.

నేను మైకు అందుకున్నాను. "ఈయన్ని దించుతే ఇంకోడొస్తడు, వాడూ గంతే. కుర్చెక్కినోడు ఎవడైనా కుళ్లుతడు, చరిత్రంత గిదే. జర ఓపిక పట్టుండ్రి, కాలమే దించుతది."

గమనించారా? అన్న మంచివాడని నేననలేదు. అందరూ చెడ్డవాళ్లే అన్నాను. దొంగను దాచడానికి అంతకన్నా మందపాటి దుప్పటి ఏముంది?

చేతులు దిగాయి. చదువుకున్న ఆడబిడ్డ చెప్పింది కదా! రాజవ్వ చెయ్యి ఒక్కటే చాలాసేపు పైన ఉంది.

బయట నన్ను ఆపింది. "మీ అన్న గాక ఇంకోడు గా కుర్చీల ఉంటే గిట్లనే చెప్తువానే?"

"నీకు చరిత్ర తెల్వదు, ఊకో."

"చరిత్ర తెల్వదు. నువ్వు తెలుసు."

తర్వాత సంఘం ఆమెకు నూలివ్వడం మానేసింది. మగ్గం విప్పేసి, మొగుడూ పెళ్లాలు మరమగ్గాల మీద కూలికి బొంబాయి దగ్గరి భివండీ పోయారు. అన్నతో నేనొక్క మాటంటే ఆగేవాళ్లు. అనలేదు. వాళ్లు రైలెక్కే రోజు తలనొప్పని పడుకున్నాను. తలనొప్పి లేదు.

తెలియక చేశానా? రాట్నం తిప్పి కండెలు చుడుతూ పెరిగినదాన్ని. చెయ్యి తీస్తే చక్రం ఆగుతుందని బడికి పోకముందే తెలుసు. తెలిసే ఆ మాటన్నాను. దొరలనూ షావుకార్లనూ తిట్టి చప్పట్లు కొట్టించుకున్న ఈ నోరే, తన ఇంటి దొర దగ్గరికొచ్చేసరికి వేదాంతం పలికింది. థూ!

అన్న ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. కాలం దించలేదు. రాజవ్వ తిరిగి రాలేదు. వచ్చినా క్షమించమని అడిగే ముఖం నాకు లేదు.

రేపు మళ్లీ ఆ క్లాసే. ఆ అమ్మాయి ముందు వరసలోనే కూర్చుంటుంది. ఆమెతో అనగలనో లేదో, ముందు మీ దగ్గర అంటున్నాను. ఆ రోజు లేచిన చేతులను దించింది చరిత్ర కాదు, నేను.

ఇదిగో, అనేశాను.