ఊకెనే వచ్చిన

పాస్టరయ్య పోయారన్న కబురు నాకు ఫోనులో వచ్చింది. బడిలో ఇంటర్వెల్ బెల్లు కొట్టాక, దిద్దుతున్న పుస్తకాలు పక్కకు నెట్టి ఫోను తీస్తే మా సంస్థ వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో, చుట్టూ గులాబీల అంచు, కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. కరీంనగర్ దవాఖానలో తెల్లవారుజామున ప్రాణం పోయిందట. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. చెడ్డ కబురు ఎలా చేరవేయాలో ఈ ఊరికి నేర్పిన మనిషి కబురును ఇలా ఫోనుల్లోకి విసిరేస్తారా అని.

అమ్మకు ఫోను లేదు. ఎవరో దారిన పోయేవాళ్ళు చెప్పకముందే నేనే చెప్పాలని సెలవు పెట్టి బయల్దేరాను. గల్లీ మలుపు తిరిగేసరికి ఇంటి ముందు గద్దె మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. బడి విడిచే వేళ కాదు కదా, నన్ను చూసి చేతిలో కాయ అలాగే పట్టుకుంది.

“ఊకెనే వచ్చినవా బిడ్డా?”

అవుననడానికి నాకు నోరు రాలేదు. చెప్పులు విడిచి పక్కన కూర్చున్నాను. అమ్మ కాసేపు నా మొహం చూసి, “పాస్టరయ్యనా?” అంది. తలూపాను.

ఆ మాట సంగతి మీకు చెప్పాలి. మా గోదావరిఖనిలో బొగ్గుగనిని బాయి అంటాం. నా చిన్నతనంలో గల్లీలోని మగవాళ్ళంతా బాయిలోకి దిగేవాళ్ళే. వాళ్ళు పైకి వచ్చేదాకా ఇళ్ళల్లో ఆడవాళ్ళకు ఒక చెవి వీధిలోనే ఉండేది. వేళ కాని వేళ ఇంటి ముందు కంపెనీ జీపు ఆగితే అర్థం ఒక్కటే, ఆ ఇంటి మనిషి ఇక రాడని. పాస్టరయ్య చర్చి పనిలోకి రాకముందు కొన్నేళ్ళు బాయిలో తట్టల్లోకి బొగ్గెత్తిన మనిషి కాబట్టి ఆ భయం ఆయనకు బాగా తెలుసు. అందుకే ఎక్కడ ప్రమాదం జరిగినా, ఏ మతం వాళ్ళ ఇల్లయినా, “జీపు కంటె ముందు నేను పోత” అని కంపెనీవాళ్ళను అడిగి మరీ ఆ పని నెత్తిన వేసుకున్నారు.

దాంతో ఇంకో చిక్కు వచ్చిపడింది. చెడ్డ కబురు తెచ్చేది ఆయనే అని తెలిశాక, ఆయన సైకిలు కనిపిస్తే చాలు ఆడవాళ్ళు బిగుసుకుపోయేవారు. పెళ్ళి పిలుపుకు వచ్చినా అదే తంతు. అందుకని మామూలుగా వచ్చిన ప్రతిసారీ గల్లీ మలుపులోనే దిగి, ఉల్లిగడ్డలమ్మే వాళ్ళకు తీసిపోకుండా కేకేసేవారు. “ఊకెనే వచ్చినా!” కబురేమీ లేదు, పనేమీ లేదు, ఉత్తినే వచ్చానని. ముస్లింల ఇళ్ళ వైపు తిరిగి అదే మాట ఉర్దూలో “ఐసేచ్ ఆయా!” అనేవారు. ఆ కేక వినగానే ఊపిరి పీల్చుకుని ఎవరి పనిలో వాళ్ళు పడేవారు.

నిజంగానే ఊకెనే వచ్చేవారు. బైబిలు గుడ్డసంచిలోనే ఉండేది. ఎవరో అడిగితే తప్ప బయటికి తీయగా నేను చూడలేదు. గద్దె మీద కూర్చుని, చాయ సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగి, ముందున్న పనిలో చెయ్యి పెట్టేవారు. చింతపండు గింజలు తీసేవారు, ఎల్లిగడ్డ పొట్టు వలిచేవారు. పొట్టులో సగం ఆయన చొక్కా మీదే ఉండేది. మతంలో కలుపుకోవడానికే తిరుగుతున్నాడని మా పెదనాయన మొదట్లో గొణిగేవాడు. అమ్మ మాత్రం మొహం మీదే ఆట పట్టించేది.

“ఏందన్నా, మీ దేవుడు మీకు ఏ పనీ చెప్పడా? ఊకెనే తిరుగుతరు.”

“ఊకెనే తిరుగుమన్నడు చెల్లే. గదే పని.”

ఒక క్రిస్మస్‌కు పాటలు పాడీ పాడీ ఆయన గొంతు పూర్తిగా పోయింది. ఆయన పాట ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళం కాబట్టి మేం పెద్దగా బాధపడలేదు. కానీ ఆ గొంతుతోనే మా గల్లీకి వచ్చారు. కేక వినబడలేదు. ఎదురింటి ఆమె సైకిలు చూసింది, చీపురు కింద పడేసి రాగం ఎత్తుకుంది. ఆమె ఏడుపుకు ఇంకో నలుగురు గొంతు కలిపారు. ఈయన రెండు చేతులూ ఊపుతూ గాలి మింగుతున్నారు. అంతలో ఆమె మొగుడు ఇంటి వెనక నుంచి, నోట్లో వేపపుల్లతో బయటికి వచ్చి, “ఎవలు సచ్చిండ్రే?” అని అడిగాడు. గల్లీ అంతా పడీపడీ నవ్వింది. మా పక్కింటి ఖాలా, మెకానిక్ భార్య, నవ్వలేదు. “పాదిరి సాబ్, గొంతు లేనప్పుడు మీరు రావొద్దు. రావాలంటె నన్ను పిలువుండ్రి, మీ తరఫున నేను ఒర్లుత” అంది. ఆ వారమంతా ఆమె గొంతే ఆయనకు సాయం వచ్చింది.

మా నాన్న పోయిన రోజు ఎండ బాగా కాస్తోంది. వాకిట్లో అమ్మ మిరపకాయలు ఆరబోస్తోంది. నేను జడకు రిబ్బను కట్టమని వెంట పడుతున్నాను. మలుపులో సైకిలు ఆగింది. కేక లేదు. గొంతు పోయిందేమో అనుకుని నేను నవ్వాను కూడా. ఆయన సైకిలు గోడకు ఆనించి, చెప్పులు విడిచి, మట్టిలో నడిచి వస్తున్నారు. అమ్మ లేచి నిలబడింది.

“అన్నా, అను. ఊకెనే వచ్చిన అను.”

ఆయన పెదవులు కదిలాయి.

“అనన్నా. నీ కాళ్ళు మొక్కుత. ఒక్కసారి అను.”

“ఇయ్యాల అనలేను చెల్లే” అన్నారు.

బాయి లోపల పైకప్పు కూలిందని, నాన్న వెంటనే పోయాడని, చూడడానికి తాను తోలుకుపోతానని చెప్పారు. ఏదీ దాచలేదు, ఏదీ పెంచలేదు. జీపు వచ్చేసరికి అమ్మ తల ఖాలా ఒళ్ళో ఉంది, నేను ఆయన సంచి పట్టుకుని ఉన్నాను. చేతులకు అంటిన మిరప ఘాటుతోనే కళ్ళు తుడుచుకుని అమ్మ ఆ రాత్రంతా కళ్ళు మంటలంది. ఇప్పటికీ మిరపకాయలు ఆరబోసిన వాకిలి నేను దాటలేను.

ఆ తర్వాత కూడా ఆయన వచ్చేవారు. కానీ మలుపులో కేక వేయడానికి మా గల్లీలో ఆయనకు నోరు వచ్చేది కాదు. చివరికి అమ్మే అంది. “అనుండ్రి అన్నా. ఇంక బాయిల మాకెవ్వరున్నరు భయపడనీకి?” ఆ మాటకు ఆయన గద్దె మీద కూర్చుని చంటిపిల్లాడిలా ఏడ్చారు. మరుసటి వారం నుంచి మళ్ళీ కేక వినబడింది.

పెద్దయ్యాక ఒకసారి అడిగాను, ఇన్ని ఇళ్ళు ఇలా తిరగడం విసుగు అనిపించదా అని. “ఒక్కనాడు చెడ్డ ఖబరు తేవాలంటె నూరు దినాలు ఊకెనే రావాలె బిడ్డా. కొత్త మొహం చెప్తె మనిషికి పట్టుకోనీకి ఏం దొరకది” అన్నారు. అంతకు మించి ఆయన తన పని గురించి నాకేమీ చెప్పలేదు.

ఆయన కాళ్ళలో సత్తువ తగ్గాక, ఆయన చేతుల మీద పెరిగిన మేం కొందరం కలిసి ఆయన పేరుతో సంస్థ పెట్టాం. కుట్టుమిషన్లు నేర్పుతాం, పిల్లలకు ఫీజులు కడతాం, అంబులెన్సు నడుపుతాం. మంచి పనులే, కాదనను. వీటితో పాటు ముగ్గురు ఆడవాళ్ళు ఆయనలాగే ఊకెనే ఇల్లిల్లూ తిరిగి వచ్చే పని కూడా ఉండేది. ఆయన రోజూ అడిగేది దాని గురించే. అంబులెన్సు ముందు నిలబెట్టి ఫొటో తీస్తుంటే కూడా, “ఇయ్యాల ఎవలింటికి పోయిండ్రు?” అని పక్కకు తిరిగి అడిగారు. ఫొటోలో ఆయన చెవి మాత్రమే బాగా పడింది.

ఆయన సమాధి మట్టి ఆరకముందే మీటింగు పెట్టారు. సంస్థ పనులన్నీ చూసే కుర్రాడు నాకు తమ్ముడిలాంటివాడు, నెమ్మదైనవాడు, చెడ్డవాడు కాదు. అతని నాన్న బాయిలో పోయిన కబురు వాళ్ళింటికి తెచ్చింది కూడా పాస్టరయ్యే. అతనే అన్నాడు, ఇల్లిల్లూ తిరిగే పని ఆపేద్దామని, ఆ ముగ్గురినీ కుట్టుమిషన్ల దగ్గర పెడదామని.

“ఊకెనే పోయొస్తె ఏం చేసినమని చెప్పుకుంటం అక్కా? సాయం చేసేటోళ్ళు అడుగుతున్నరు.”

“మీ ఇంటికొచ్చినప్పుడు ఏం చేసిండని చెప్పుకున్నడురా ఆయన?” అన్నాను. నా నోటికి అదుపు తక్కువ. అతను తల దించుకున్నాడు. తల ఎత్తకుండానే, “ఇప్పుడు ఖబరు ఫోన్లనే వస్తది కదక్కా” అన్నాడు. నిజమే, ఆయనదీ అలాగే వచ్చింది. “నువ్వు తిరుగుతనంటె తిరుగు, ఎవ్వలం వద్దనం” అని ముగించారు. ఊకెనే కూర్చోవడం చేతకాని మనిషిని నేను. చింతపండు గింజలు తీసే ఓపిక నాకెక్కడిది? ఆయన పోయిన దుఃఖం కంటే ఈ భయమే ఇప్పుడు నన్ను ఎక్కువ పట్టుకుంది. ఆ పని నాతోనే ఆగిపోతే ఆయన నిజంగా పోయినట్టే.

పోయిన ఆదివారం ఓపెన్‌కాస్ట్ గని పక్కన ఉన్న అద్దె గదుల వైపు వెళ్ళాను. ఒడిశా నుంచి వచ్చి కాంట్రాక్టు టిప్పర్లు నడిపేవాళ్ళ కుటుంబాలు అక్కడ ఉంటాయి. వరసలో చివరి గది గడప మీద ఒక చిన్నపిల్ల లాంటి ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. సంచి వేసుకుని తనవైపే వస్తున్న నన్ను చూసి చటుక్కున లేచింది. అప్పుడు గుర్తొచ్చింది, మలుపులో కేక వేయలేదని.

“ఊకెనే వచ్చిన!” అన్నాను. ఆమెకు తెలుగు రాదు. ఖాలాను తలుచుకుని, “ఐసేచ్ ఆయీ” అన్నాను. మాట అర్థమైంది. తలుపు పట్టుకున్న చెయ్యి మాత్రం వదలలేదు.

“ఐసే?” అంది.

తలూపి గడప పక్కన కూర్చున్నాను. లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. తాగాను. చేటలోంచి గుప్పెడు బియ్యం తీసుకుని నేనూ రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను. ఆమె కూర్చుంది గానీ చేటలో చెయ్యి పెట్టలేదు. కాసేపు నా మొహం చూస్తోంది, కాసేపు నా భుజం మీదుగా మలుపు వైపు చూస్తోంది, నా వెనకాల జీపు వస్తుందేమోనని.