ఆఖరి రౌండు ఊరు

ముందు గొంతు వచ్చింది. వాన వెలిసిన గాలిలో, తడిసిన మక్కచేల మీదుగా, కొంచెం వణుకుతూ, కొంచెం సాగుతూ. "రేగుబండ గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా... వాగు పారుతున్నది. కల్వర్టు మీద నీళ్లున్నవి. ఎవ్వరు గూడ దాటవద్దు..."

తరువాత మలుపులో ఆటో కనిపించింది. మీద బూడిదరంగు మైకు, లోపల జానీ పాషా. ఇంటి ముందు ఆగి మైకు ఆపి, గుమ్మంలోకి చూశాడు. అక్కడ ఆయన భార్య కుల్సుం వాచిన కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. వాగు సంగతి పత్రికకు రాసుకుందామని వచ్చిన నేను పక్కన అరుగు మీద ఉన్నాను.

"దాటొద్దని ఊరంత చెప్పొచ్చినవు. మరి మనమెట్ల దాటుదం?" అంది.

ఆమెకు కిడ్నీలు పాడైనాయి. ఒక రోజు విడిచి ఒక రోజు సిద్దిపేట దవాఖానలో రక్తం శుభ్రం చేయించాలి. దారిలో ఉన్నది ఆ ఒక్క వాగే. ఎండాకాలం దానిలో మేకలు పండుకుంటాయి. వానాకాలం అది ఊరిని కోసి ఒడ్డున పడేస్తుంది. పోయిన ఏడు ఇట్లాగే పొంగినప్పుడు చుట్టు తిరిగి పోయేసరికి కుల్సుంకు ఊపిరి ఆడలేదు. అప్పటి నుంచి మబ్బు పట్టిందంటే పాషా ఆకాశాన్ని కాదు, ఆమె ముఖాన్ని చూస్తాడు.

ఆయన బతుకంతా ఓట్ల గొంతు. జెండా ఏదైనా, గుర్తు ఏదైనా, ఈ చుట్టుపక్కల ప్రచారానికి మైకు ఆయనదే. మహారాష్ట్రలో భివండి మగ్గాల మీద బతకడానికి పోయిన పద్మశాలీలు ఓటు కోసం బస్సుల్లో దిగేది పాషా పిలుపుల నడుమే. ఆ రోజుల్లో చేర్యాల ఒక నియోజకవర్గం. "చేర్యాల నియోజకవర్గ ఓటరు మహాశయులారా" అని ఆయన ఎత్తుకుంటే పొలాల్లో నాట్లేసే ఆడవాళ్లు నడుము ఎత్తి చూసేవాళ్లు.

తరువాత నియోజకవర్గాల పునర్విభజన వచ్చింది. చేర్యాల నియోజకవర్గం లేకుండా పోయింది. ఊళ్లన్నీ పక్క పట్నం నియోజకవర్గానికి తోకలాగా అతుక్కున్నాయి. ఆ మొదటి ఎన్నికల్లో కొత్త అభ్యర్థి జీపులో నిలబడి దండాలు పెడుతుంటే, పాషా అలవాటుగా "చేర్యాల నియోజకవర్గ ఓటరు మహాశయులారా" అనేశాడు. జనం ఈలలు వేశారు. అభ్యర్థి వెంట ఉన్నవాడు మైకు గుంజుకున్నాడు.

"పాషా భాయ్, గది సచ్చిపోయింది. సచ్చినదాన్ని మైకుల పిలుస్తవేంది?"

ఆ రోజు నవ్వులో ఆయనా నవ్వాడట. చచ్చినది ఏమిటో తెలియడానికి కొన్నేళ్లు పట్టింది.

కొత్త జిల్లాలు వచ్చినప్పుడు రేగుబండ సిద్దిపేట జిల్లాలో కలిసింది. ఓటు మాత్రం ఆ పట్నం దిక్కే ఉండిపోయింది. కలెక్టరు ఒక దిక్కు, ఎమ్మెల్యే ఇంకో దిక్కు. వాగు మీద బ్రిడ్జి కోసం పాషా ఎమ్మెల్యే దగ్గరికి పోతే, "మీది సిద్దిపేట జిల్లా గద, గాడ వెట్టుకోండ్రి" అన్నారు. ఇటు కలెక్టరు ఆఫీసుకు వస్తే, "ముందుగాల మీ ఎమ్మెల్యే లెటర్ పట్టుకరాండ్రి" అన్నారు.

పక్కింటి మగ్గం రాజమల్లయ్య ఆ మాట వచ్చినప్పుడల్లా నవ్వుతాడు. "మగ్గంల పోగు మోసే నాడె లెక్క అటు ఇటు తిరుగుడే సారూ. నాడె తిరిగితే చీరన్న అయితది. మా పాషా తిరిగితే చెప్పులు అరుగుడే."

ఒక ఎన్నికప్పుడు పాషా ఇక ఆగలేదు. సభ ముగిసింది, జనం లేస్తున్నారు, మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"అన్నా, ఓట్లెయ్యుమని నేను చెప్పిన. బ్రిడ్జి కట్టిస్తనని మీరు చెప్పుండ్రి" అన్నాడు.

అభ్యర్థి పెద్దగా నవ్వి, "పాషా భాయ్ అడిగితే కాదంటనా? కట్టిస్తున్నం!" అన్నాడు. రేగుబండ అంత గట్టిగా ఎప్పుడూ చప్పట్లు కొట్టలేదు. ఆ రాత్రి కుల్సుం సేమియా వండింది.

లెక్కింపు రోజు ఊరంతా టీవీ ముందు కూర్చుంది. ఓట్లు పట్నం దిక్కే ఎక్కువ. రేగుబండ పోలింగు బూతు వంతు చివరి రౌండులో. అది రాకముందే అటు పటాకులు కాలుతున్నాయి, రంగు చల్లుకుంటున్నారు. మాట ఇచ్చినాయన ఓడిపోయాడు. గెలిచినాయన అనుచరుడిని అడిగితే, "మాటిచ్చినాయనతోనే కట్టించుకో" అన్నాడు.

ఈ కథంతా నాకు చెబుతూనే పాషా మూటలు కడుతున్నాడు. మధ్యాహ్నానికి వాగు కొంచెం తగ్గింది. కల్వర్టు గట్టు రాళ్లు నల్లగా తేలినాయి. సాయంత్రం మళ్లీ వాన అంటున్నారు. ఈ సందులోనే దాటాలి. సిద్దిపేటలో ఒక గది కిరాయికి మాట్లాడాడు. ఇక అక్కడే ఉంటారు.

"అందరికి ఓటెయ్యుమని చెప్పే నోరు," కుల్సుం ఆటోలో సర్దుకుంటూ అంది, "ఇంటి మనిషికి తొవ్వ తేలేకపాయె."

పాషా వంగి, ఆమె కాళ్ల కింద దిండు పెట్టాడు.

రాజమల్లయ్య మూటను తాడుతో బిగించి కట్టాడు. "ఓటు గూడ సిద్దిపేటకే మార్పించుకో పాషా. గాడ కలెక్టరు, ఎమ్మెల్యే ఒక్క దిక్కే ఉంటరు. నీ గోస తీరుతది."

"మార్పిస్తా. గాడ బ్రిడ్జి ఎందుకు నాకు? గాడ వాగే లేదాయె," అన్నాడు పాషా విసుగ్గా.

ఆటో కదిలింది. నేను వెనక నడిచాను. కల్వర్టు దగ్గర ఆయన దిగి, ఒక కర్రతో నీటి లోతు చూశాడు. ఎర్రటి నీళ్లు చీలమండలు దాటి పాకుతున్నాయి. వాగు తన పని తాను చేసుకుపోతోంది. దానికి ఏ నియోజకవర్గమూ లేదు. కుల్సుం కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది.

మెల్లగా, మొదటి గేరులో, ఆటో అవతలి ఒడ్డు ఎక్కింది. నేను ప్యాంటు పైకి మడిచి వెనకే దాటాను. పాషా ఒకసారి ఊరి వైపు తిరిగి చూశాడు. ఓటు నిజంగానే మార్పిస్తున్నావా అని అడిగాను.

బండి ఆపకుండానే తల బయటపెట్టి అన్నాడు:

"కోపంల అన్న సారూ. ఎందుకు మార్పిస్త? మొదలే మమ్మల్ని ఎవ్వలు లెక్కవెడ్తలేరు. నేను గూడ పోతే అడిగే పీడ ఒకటి తప్పిందని వాళ్లు సుఖంగ పండుకుంటరు. గా సుఖం వాళ్లకు నేనెందుకియ్యాలె?"