వరండాలోకి వెళ్లి చెప్పు

ఈ ఉదయం చెరుకు ట్రాక్టర్ ఒకటి సరిగ్గా కోర్టు ముందర మొరాయించి దారి మూసేసింది. వెనక ఆటోలు, బస్సులు హారన్లు మోగిస్తున్నాయి. నలిగిన చెరుకు వాసన తియ్యగా, కాస్త పులుపుగా కిటికీలోంచి లోపలికొస్తోంది. చెరుకు నరికే కాలంలో బాన్సువాడలో ఇది రోజూ ఉండే గొడవే. తోటి వకీళ్లు విసుక్కుంటారు, నాకు మాత్రం ఆ వాసన తగలగానే ఖాదర్ సార్ గుర్తొస్తారు. జ్వరంతో గొంతు పూడుకుపోయి, ఇవాళ్టి కేసుకి వాయిదా అడుగుదామని కూర్చున్న నాకు ఆయన ఇప్పుడే గుర్తురావాలా!

నేను వకాలత్ నేర్చుకున్నది ఖాదర్ సార్ దగ్గరే. ఆయన నల్లకోటు నలుపు మానేసి వంకాయ రంగులోకి దిగి చాలాకాలమైంది. కొత్తది కుట్టించుకోమంటే, "జడ్జిగారు నా మాట వింటరా, కోటు చూస్తరా బేటీ?" అనేవారు. చాయ్‌లో చక్కెర మానమని డాక్టర్ చెబితే, చక్కెర మానకుండా డాక్టర్‌నే మానేశారు. కోర్టులో గొంతు పెంచేవారు కాదు, బల్ల గుద్దేవారు కాదు. ఇంత నెమ్మదైన మనిషి దగ్గర నేనేం నేర్చుకుంటానని మొదట్లో లోలోపల చిన్నబుచ్చుకున్నాను కూడా.

ఆయన ఆఫీసులో ఒక వింత నియమం ఉండేది. మాలో వాయిదా అడిగినవాళ్లే వరండాలోకి వెళ్లి, కేసు వేసిన మనిషి ఎదురుగా నిలబడి ఆ మాట చెప్పాలి. గుమస్తాతో చెప్పించకూడదు, ఫోన్ చేయకూడదు. ఈ నియమం ఎందుకో నాకు గంగవ్వ దగ్గర తెలిసింది.

గంగవ్వ పొలం లోపల, పక్కింటి సాయిలు పొలం ముందర. సాయిలు చేను మధ్య నుంచి పోయే బండ్లబాటను అతను దున్నేసి మూసేశాడు. ఆ బాట కోసమే కేసు. అది తేలేదాకా ఆ నేలలో ఎవరూ ఏమీ కదిలించకూడదని కోర్టు ఉత్తర్వు. వడ్లయితే గంగవ్వ మూటలు కట్టి గట్ల మీదుగా నెత్తిన మోసుకొచ్చేది. చెరుకు అలా మోయలేరు, దానికి ట్రాక్టర్ చేను దాకా రావాల్సిందే. ఒకరోజు సార్‌కి బోధన్ కోర్టులో పని పడి, గంగవ్వ కేసుకి నన్ను వాయిదా అడగమన్నారు. ఒక్క మాటకే దొరికింది. నేనేదో కేసు గెలిచినట్టు వరండాలోకి వెళ్లి, "వాయిదా పడింది అవ్వా" అని చెప్పాను.

తిడుతుందనుకున్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "అయితే ఈపారి చెరుకు పెట్టాల్నా, వద్దా బిడ్డా?" అని అడిగింది. "ఇప్పుడు పెడితె ఏడాదికి నరుకుడుకొస్తది. గప్పటికి బాట తేలుతదా? గది చెప్పు చాలు."

తర్వాతి తేదీ చీటీ మీద రాసిచ్చి వచ్చేశాను. సాయంత్రం ఈ సంగతి చెబితే సార్ చాయ్ పక్కన పెట్టేశారు. "గెలుస్తమా అని అడుగలే చూసినవా? పెట్టాల్నా, వద్దా అనడిగింది. ఆమెకు ఏదో ఒక జవాబు కావాలె బేటీ. మనం వాయిదా అడిగినప్పుడల్లా గా జవాబును మన జేబుల పెట్టుకొని ఇంటికి పోతున్నం" అన్నారు.

కొన్నాళ్లకి కొత్తగా వచ్చిన జడ్జిగారు రోజూ పాత కేసులే ముందు పిలవడం మొదలుపెట్టారు. ఊపిరాడనివ్వడం లేదని వకీళ్లంతా గొణుక్కుంటుంటే, సార్ మాత్రం పండగ వచ్చినట్టు అందరికీ చాయ్ తాగించారు. గంగవ్వ తరఫు సాక్షుల్లో సగానికి పైగా పేర్లు ఆయనే కొట్టేశారు. నేను కంగారుపడితే, "ఒక్క ముచ్చట నలుగురితోని చెప్పిస్తె నిజం లావైతదా?" అని నవ్వారు. విచారణ రోజు సాయిలు తరఫు వకీలు వచ్చి, "జర టైమ్ అడుగుత భాయ్, అడ్డం చెప్పకు" అన్నాడు. సార్ అతని చెయ్యి పట్టుకున్నారు. "అడ్డం చెప్ప. నడువు, బయట గంగవ్వ కూసున్నది. ఆమెకు నువ్వే చెప్పు." ఆ వకీలు వరండా గుమ్మం దాకా వెళ్లాడు. గంగవ్వను చూశాడు. గుమ్మం దగ్గర్నుంచే తిరిగొచ్చి తన ఫైలు విప్పాడు.

కేసు ఇక నిజంగానే తేలిపోతుందని తెలిసేసరికి సాయిలు ముఖం మారింది. సార్ దగ్గరికొచ్చి, "నేను గూడ బోరు వేసుకోలేక ఆగిన సార్. బాట ఎటు పోతదో తెల్వకపాయె. చేను నడుమకెళ్లి వద్దు, కాలువ గట్టు పొంటి ఇస్త" అన్నాడు.

సార్ గంగవ్వ వైపు చూశారు. "సుట్టయితది" అంది ఆమె. "ట్రాక్టర్ మళ్లుతదా?"

"మళ్లుతదవ్వా."

"అయితె సరే."

ఇద్దరూ జడ్జిగారి ముందు రాజీపడ్డారు. అడిగిన బాట మాకు రాలేదని నాకు ఉక్రోషం. "మనం గెలవలేదు కదా సార్" అన్నాను. ఆయన వరండా వైపు చూపించారు. ఏళ్ల తరబడి మాటల్లేని గంగవ్వా సాయిలూ హద్దురాళ్లు ఎక్కడ పాతాలని గట్టిగా వాదించుకుంటున్నారు. "కొట్లాడుకోనీ. వకీళ్లు లేకుండనే కొట్లాడుకుంటుండ్రు, గంతకంటె ఏం గావాలె!" అన్నారు.

మరుసటేడు గంగవ్వ చెరుకు గడల మోపు తెచ్చి ఆఫీసులో దించింది. మిగిలిన నాలుగు పళ్లతో సార్ గడ కొరుకుతుంటే రసం వంకాయరంగు కోటు మీద కారింది. ఆ మరక ఆయన ఉన్నన్నాళ్లూ ఉంది. ఆయన లేరిప్పుడు. పేరుకుపోయిన కేసులంటే అందరికీ దుమ్ము పట్టిన కట్టలు కనిపిస్తాయి. నాకు నాటకుండా వదిలేసిన చేను కనిపిస్తుంది. అలా చూడటం ఆయనే నేర్పారు. ఆయన మీద నాకున్న ప్రేమ ఎంతో ఆయనకి ఏనాడూ చెప్పలేదు.

ట్రాక్టర్ కదిలింది. వాయిదా అడిగే ముందే చెప్పేద్దామని వరండాలోకి వెళ్లాను. మహమ్మద్ నగర్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన ఇవాళ్టి కేసు వేసిన కుర్రాడు నా కోసం కూర్చున్నాడు. అన్నదమ్ముల వాటాలు తేలక, అతని ఇల్లు గోడల దాకా లేచి కప్పు లేకుండా ఆగిపోయింది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఇయ్యాల మనది అయితదా అక్కా? వానలొచ్చేలోపల కప్పు ఏద్దామని ఉన్నది."

వాయిదా సంగతి పక్కన పెట్టి అతని ఫైలు విప్పాను.

"నడువు తమ్ముడూ, మనల్ని పిలుస్తరు" అన్నాను, ఉన్న గొంతుతోనే.