బావగారు పెట్టని ఒట్టు

మా బావగారు చంద్రుడి మీదికి వెళ్ళొచ్చిన మనుషుల్ని కళ్ళారా చూశారు. ఇప్పుడీ మాట ఇంత ధైర్యంగా రాస్తున్నాను గానీ, ఆయన బతికుండగా ఒక్కసారి ఆయన ముందు అన్న పాపాన పోలేదు.

ముందు నా సంగతి చెప్పాలి. రాజోలు రిజిస్ట్రారాఫీసు ఎదుట ఒక చెక్కబల్ల, ఒక గొడుగు, నాలుగు కలాలు నా ఆస్తి. దస్తావేజులు రాసే పని. పొద్దున లేస్తే సాక్షులు, వేలిముద్రలు, హద్దులు. ఇద్దరు సాక్షుల సంతకాలు లేని మాట నాకు మాటే కాదు. ఆ సాక్షుల్లో సగంమంది టీ నీళ్ళకి ఆశపడి వచ్చేవాళ్ళేనని నాకు తెలుసు. తెలిసినా, కాగితం మీద సంతకం కనబడితే చాలు, నాకు నిమ్మళంగా ఉండేది. దానికి తోడు నాకు వాదన అంటే పిచ్చి. ఎవడేం చెప్పినా ‘రుజువేదీ?’ అనేవాణ్ణి. అలా అడగడమే తెలివి అనుకునే వయసు.

బావగారు మా అక్క భర్త. తాటిపాక దగ్గర హైస్కూల్లో సైన్సు మాస్టారు. నేను ఆయనకంటే తొమ్మిదేళ్ళు చిన్నవాణ్ణయినా నన్ను కూడా ‘బావగారూ’ అనే పిలిచేవారు. పెళ్ళికి ముందు రెండు మూడేళ్ళు బొంబాయిలో ఒక ఓడల ఆఫీసులో టైపిస్టుగా చేశారు. మనుషులు చంద్రుడి మీద కాలు పెట్టిన ఏడాదే, ఆ వెళ్ళొచ్చినవాళ్ళు బొంబాయి వచ్చారట. జనంలో నిలబడి ఈయన చూశారట. ఈ ముక్క మా చుట్టాల్లో తెలియనివాళ్ళు లేరు. ఏ ఇంట్లో ప్రార్థన కూడిక అయినా, భోజనాలు కాగానే ఎవరో ఒకరు అడిగేవారు: “అల్లుడుగారూ, ఆ చంద్రమండలం సంగతి చెప్పండీ.”

ఆయన మొదట మొహమాటపడేవారు. తరవాత చెప్పేవారు.

“ఎండ మండిపోతోందండి. పొద్దున్నించీ నిలబడే ఉన్నాం. ముగ్గురూ వచ్చేరు. మామూలు కోట్లేనండి. అందులో ఒకాయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. చెమటండి, మనకి పట్టినట్టే. అంతదూరం వెళ్ళొచ్చినాయన మన ఎండకి తట్టుకోలేకపోతున్నాడు. నేను ఆగలేక ఇంగ్లీషులో అరిచేనండి, నిజంగా వెళ్ళేరా అని. ఆయన నావేపే చూసేడు. నవ్వలేదు, కోప్పళ్ళేదు, జవాబూ చెప్పలేదు. ఊరికే చూసేడు. నాకు సిగ్గేసిందండి. ఒక మనిషి అంతదూరం వెళ్ళొస్తే నేనడగాల్సిన మాట అదా అనిపించింది.”

ఇక్కడికి వచ్చేసరికి ఆయన గొంతు కాస్త తగ్గేది. మా పిన్నమ్మ మాత్రం ప్రతిసారీ ఒకటే అడిగేది: “అక్కడ అన్నం ఎలా ఒండుకున్నారంటండీ?” అందరూ నవ్వేవారు. ఆయనా నవ్వేవారు. మా అక్క గుమ్మం పక్కన నిలబడి, ఆ కథ మొదటిసారి వింటున్నట్టు వినేది. ఆ ముఖంలో గర్వం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది.

డెబ్బైల చివర్లో మస్కట్ నుంచి సెలవుమీద వచ్చిన మా వీధాయన ఒక ఇంగ్లీషు పత్రిక నా బల్లమీద పడేశాడు. చంద్రుడి మీదికి ఎవరూ వెళ్ళలేదని, అదంతా ఏదో స్టూడియోలో తీసిన బొమ్మ అని అందులో రాశారు. గాలి లేనిచోట జెండా ఎలా రెపరెపలాడింది? ఆకాశంలో చుక్కలేవి? డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు రోజులు చదివాను. నాకు ఎంత సంబరమయ్యిందో చెప్పలేను. అమెరికావాళ్ళ గుట్టు రట్టయినందుకు కాదు. బావగారిని పట్టుకోవడానికి ఒక కొక్కెం దొరికినందుకు. ఆయనంటే నాకు కోపమేమీ లేదు. అందరూ ఆయన మాట నోరు తెరుచుకుని వింటారు, నా మాట వినరు. అంతే. అంత చిన్న సంగతి.

ఆ వేసవిలోనే అక్కావాళ్ళు పాత తాటాకిల్లు తీసేసి పెంకుటిల్లు వేసుకున్నారు. గృహప్రవేశ ప్రార్థన చేసి చర్చి అయ్యగారు వెళ్ళిపోయారు. భోజనాలయ్యాయి. పందిట్లో చుట్టాలందరూ నడుం వాల్చబోతుంటే ఎవరో కథ అడిగారు. బావగారు మొదలుపెట్టబోయారు. నేను అడ్డం తగిలాను.

“అసలు వాళ్ళు వెళ్ళలేదంట కదండీ బావగారూ. వాళ్ళ దేశంవాళ్ళే రాసేరు.”

ఆయన ఓపిగ్గా చెప్పారు. జెండాకి పైన అడ్డంగా ఒక కడ్డీ ఉందని, అందుకే అలా నిలబడిందని, వెలుతురు ఎక్కువైతే ఫొటోలో చుక్కలు పడవని. పందిట్లో సగంమందికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. కానీ ఒప్పుకుంటే నేను నేనెందుకవుతాను?

“సరే, వాళ్ళ సంగతి వదిలేయండి. మీరు వాళ్ళని చూసేరనడానికి రుజువేంటండీ? ఫొటో ఉందా? పక్కనెవరన్నా ఉన్నారా?”

“ఎవరూ లేరండి. ఒక్కణ్ణే వెళ్ళేను.”

“అయితే ఇదిగోనండి.” ప్రార్థన కోసం బల్లమీద పెట్టిన పరిశుద్ధ గ్రంథం తెచ్చి ఆయన ముందు పెట్టాను. “చెయ్యేసి చూసేనని చెప్పండి. ఇంక నోరెత్తితే ఒట్టు.”

పందిట్లో అందరూ లేచి కూర్చున్నారు. ఆయన గ్రంథం వైపు చూశారు, నా వైపు చూశారు.

“ఒట్టు పెట్టుకోవద్దని ఇందులోనే ఉందండీ బావగారూ. నేను పెట్టను. చూసేనని చెప్పేను కదా.”

మా వైపు ఒట్టంటే ఆషామాషీ కాదు. గట్టు తగాదా అయినా, పోయిన కోడి అయినా, చివరికి ఒట్టు దగ్గరే తేలేది. గుడికి వెళ్ళేవాళ్ళు కర్పూరం ఆర్పేవారు, మావాళ్ళు కోర్టులో చూసి నేర్చుకుని గ్రంథం మీద చెయ్యి వేసేవారు. అలా వెయ్యకూడదని అందులోనే రాసి ఉందని ఆదివారం ఆదివారం వింటూనే ఉండేవారు. ఒట్టు పెట్టనన్నవాడు దొంగ కిందే లెక్క. ఈ సంగతి బావగారికీ తెలుసు.

“నిజమైతే చెయ్యెయ్యడానికేం నొప్పి?” అంది మా పిన్నమ్మ, ఎవరితోనూ కాదన్నట్టు. ఎవరో కిసుక్కున నవ్వారు. బావగారు నా వైపు ఊరికే చూశారు. నవ్వలేదు, కోప్పడలేదు. నాకు సిగ్గెయ్యాలి. వెయ్యలేదు. గెలిచాననుకున్నాను. గుమ్మంలో అక్క అరటిపళ్ళ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అక్క నాతో రెండు నెలలు మాట్లాడలేదు. తరవాత ఒకరోజు వాళ్ళింటికి వెళ్తే, కొబ్బరి కోరుతూ తలెత్తకుండా అంది: “అందరి ముందూ పెట్టకపోతే పోనీ రా. నాకొక్కదానికి ఒట్టేసి చెప్పమన్నాను. పెట్టలేదు.”

“ఏమన్నారు?”

“నువ్వు కూడానా, అన్నారు. అంతే.”

నేనప్పుడైనా నా చెంప నేను వాయించుకుని, ‘అక్కా, నాది నోటిదురద, ఆయన మాట నిజం’ అని ఉంటే సరిపోయేది. ఏదో గొణిగి లేచొచ్చేశాను.

ఆ తరవాత బావగారు ఆ కథ ఎక్కడా చెప్పలేదు. అడిగేవాళ్ళూ తగ్గిపోయారు, అడిగినా ఎగతాళికే. స్కూల్లో చంద్రుడి పాఠం వస్తే పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివేసి గంట కొట్టేదాకా కిటికీలోంచి చూస్తూ ఉంటున్నారని, ఆయన దగ్గర చదివే పిల్లాడి తండ్రి నా బల్ల దగ్గరే చెప్పాడు. అంతకుముందు అదే పాఠానికి పక్క క్లాసు పిల్లలు కూడా వచ్చి గుమ్మంలో నిలబడేవారట.

ఇంట్లో సంగతి అంతకంటే పాడు. అనుమానం చెదపురుగు లాంటిది, పట్టిన చోట ఆగదు. పరీక్ష పేపర్లు దిద్దడానికి ఆయన కాకినాడ వెళ్తే, నిజంగా అక్కడికే వెళ్ళారా అనిపించేదట అక్కకి. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటే పంటు దొరక్క ఆలస్యమైందంటే, ఒకసారి నోరు జారి “టిక్కెట్టేదీ?” అనేసిందట. ఆయన జేబులోంచి తీసి చూపించారు. ఆ రోజు నుంచి అడక్కుండానే, ఎక్కడికి వెళ్ళొచ్చినా కాళ్ళు కడుక్కునే ముందు బస్సు టిక్కెట్టు, పంటు టిక్కెట్టు తీసి గోడ గూట్లో పెట్టేవారు. నేను చూశాను. కళ్ళజోడు పెట్టుకున్నట్టు, గొడుగు తగిలించినట్టు మామూలుగా పెట్టేవారు. నేను చేసిన పని ఏమిటో ఆ గూడు చూసినప్పుడు తెలిసింది.

ఒకసారి ఒక అమ్మకపు దస్తావేజుకి రెండో సాక్షి రాలేదు. ఆఫీసు కట్టేసే వేళ. బావగారు అటుగా వెళ్తున్నారు. “ఒక్క సంతకం పడేయండి బావగారూ, అమ్మినాయన పొద్దున్నే సంతకం పెట్టేసేడు,” అన్నాను.

“ఆయన పెట్టగా నేను చూళ్ళేదు కదండీ,” అన్నారు.

“దానికేముందండీ, రోజూ అందరూ పెట్టేదే.”

“ఆయ్, నిజమేనండి. కానీ నేను చూళ్ళేదు కదా.” నొచ్చుకుంటూనే సైకిలెక్కి వెళ్ళిపోయారు.

ఆ రోజు నమ్మాను. చూడని సంతకాన్ని చూశాననడానికి నోరు రాని మనిషి, చూడని మనుషుల్ని చూశానంటాడా? సైకిలు మలుపు తిరిగేదాకా నిలబడే ఉన్నాను. పిలిచి చెబితే పోయేది. రేపు చెబుదాం, పండక్కి చెబుదాం అనుకుంటూ ఏళ్ళు గడిపాను. తప్పు చెయ్యడానికి పందిరినిండా జనం ఉన్నారు, ఒప్పుకోవడానికి ఒక్క మనిషి ముందు నోరు పెగల్లేదు.

పందిట్లో ఆ మాట జరిగిన ఆరేళ్ళకి ఆయనకి కామెర్లు ముదిరాయి. అమలాపురంలో ఆస్పత్రిలో పెట్టాం. నేను రోజూ వెళ్ళేవాణ్ణి. చివరి రోజు సాయంత్రం అక్క టీకి వెళ్ళింది, మేమిద్దరమే ఉన్నాం. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. “ఏంటండీ బావగారూ, ఏదో చెప్పబోతున్నారు,” అన్నారు ఆయనే.

“ఏం లేదండి. ఈసారి కొబ్బరి దింపు బాగుంది,” అన్నాను.

“ఆయ్,” అన్నారు.

మర్నాడు పొద్దున్న పోయారు.

జ్ఞాపకార్థ కూడిక అయిపోయి అందరూ వెళ్ళిపోయాక అక్క గూడు సర్దుతోంది. టిక్కెట్లు అన్నీ అలాగే ఉన్నాయి. ఆరేళ్ళవి, రంగులు వెలిసిపోయినవి. పోగుచేసి ఒళ్ళో పోసుకుని కూర్చుంది. సమాధి దగ్గర కూడా ఏడవలేదు మనిషి.

“ఒరే, ఆయన నిజంగా వాళ్ళని చూసేరంటావా?” అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నాకు అలవాటే. అక్కకి ఈ ఒక్క శాంతి అయినా ఇవ్వాలనిపించింది. “చూసేరక్కా. నీకు చెప్పలేదు గానీ, మొన్న నర్సాపురంలో ఒకాయన కలిసేడు. బావగారితో ఆ ఓడలాఫీసులోనే చేసేడంట. ఆ రోజు ఇద్దరూ కలిసే వెళ్ళేరంట,” అన్నాను. అప్పటికప్పుడు ఒక పేరు కూడా పుట్టించి చెప్పాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఒక్కణ్ణే వెళ్ళానని పందిట్లో ఆయన అన్న మాట నాకప్పుడు గుర్తు రాలేదు.

“నిజంగానా?”

నమ్మదేమోనని, బల్లమీది గ్రంథం దగ్గరికి లాక్కుని చెయ్యి వేశాను. ఏ గ్రంథం ఆయన ముందు పెట్టానో అదే. “ఇదిగో, ఒట్టు.”

అక్క నా చెయ్యి వైపు చూసింది. నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. నా అబద్ధం ఆవిడకి తెలియకపోవడమేమిటి?

“ఒక్కణ్ణే వెళ్ళేనన్నారు రా ఆయన,” అంది మెల్లగా. “ఎంత సులువుగా పెట్టేసేవురా ఒట్టు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.”

నేను తల దించుకున్నాను.

“ఆయనది అబద్ధమే అయితే, ఆయనకీ ఇంతేగా పట్టేది. ఆ రోజు పందిట్లోనే పెట్టేసి నవ్వుకుంటూ లేచిపోయేవారు కదరా. ఇంత ముక్క నాకెందుకు తట్టలేదురా?”

నా చెయ్యి గ్రంథం మీంచి తీసి కింద పెట్టింది. ఒళ్ళోని టిక్కెట్లు రెండు చేతులతో మూసుకుంది. అప్పుడు ఏడుపు వచ్చింది ఆవిడకి, ఆయన పోయిన తరవాత మొదటిసారి.

“ఒక్కటి కూడా చూడకుండా వదల్లేదురా తమ్ముడూ,” అంది. “ఆయన స్నానానికి వెళ్ళగానే తీసి తారీకు చూసేదాన్ని.”