అక్క చెప్పిన సాక్ష్యం

కోరుట్లలో మా చర్చిలో వాక్యం చదివే పని నాది. పాస్టరుగారు బోధిస్తుంటే పక్కన బైబిలు పట్టుకుని నిలబడతాను. ఆయన "చదువమ్మా" అంటే చదవాలి, "చాలమ్మా" అంటే ఆగాలి. పదకొండేళ్లుగా ఆగమన్న చోటల్లా ఆగాను. గొంతు బాగుందని అందరూ మెచ్చుకుంటే పొంగిపోయేదాన్ని కూడా.

రెండేళ్ల కింద ఒక శనివారం సిరిసిల్ల నుంచి మా అక్క వచ్చింది. బీడీలు చేసుకుని బతికే మనిషి, చదువు రాదు. రొమ్ములో గడ్డ ఉందని నాకొక్కదానికే చెప్పింది. సోమవారం జగిత్యాలలో డాక్టరుకు చూపిద్దామనుకున్నాం. ఆదివారం ప్రార్థన చేయించుకుని వెళితే మంచిదని అన్నది నేనే.

ఆ ఆదివారం కుష్ఠురోగిని యేసు ముట్టి బాగుచేసిన భాగం వచ్చింది. రోగం పోయిందన్న మాట దగ్గర పాస్టరుగారు "చాలమ్మా" అన్నారు. ఆగాను. ఆ వెంటనే ఏముందో చర్చికి వెళ్లేవాళ్లకు తెలుసు, తెలిసీ పట్టించుకోరు. ఎవరికీ చెప్పకు, ముందు వెళ్లి యాజకుడికి నీ ఒళ్లు చూపించుకో అని యేసు అతన్ని పంపించాడు. రోగం పోయిందో లేదో చూసి చెప్పేది ఆ కాలంలో యాజకుడే. బాగుచేసినవాడే చూపించుకోమన్నాడు. మా దగ్గర మాత్రం ముందు మైకు, తర్వాతే ఏదైనా.

ప్రార్థన అయ్యాక, స్వస్థత దొరికిందని నమ్మినవాళ్లు చెయ్యెత్తమన్నారు. నమ్మి ముందే సాక్ష్యం చెబితే దేవుడు కార్యం పూర్తిచేస్తాడని మా చర్చిలో అందరికీ అలవాటైన మాట. అక్క చెయ్యెత్తింది. మైకు ఇచ్చారు. "నా గడ్డ కరిగిపోయింది. దేవునికి స్తోత్రం" అంది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

మర్నాడు జగిత్యాల బయలుదేరదామంటే, "తగ్గింది కద చెల్లె, ఇంకెందుకు" అని నవ్వి సిరిసిల్ల బస్సెక్కింది. నేను తడిమి చూడలేదు. చూస్తే నాకు విశ్వాసం లేనట్టవుతుందని భయపడ్డాను. ఆ భయాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ సాక్ష్యం అక్కను వదల్లేదు. రాయికల్‌లో కూడిక పెడితే పిలిచారు, గంభీరావుపేటలో పెడితే పిలిచారు. వెళ్లిన చోటల్లా అదే చెప్పింది. ఏడు నెలల తర్వాత, అత్తమ్మ రవికె తడుస్తోందని ఆమె కోడలు ఫోన్ చేస్తే పరుగెత్తాను. గడ్డ పుండైపోయింది.

"ఎప్పటిసంది అక్కా?" అన్నాను.

"అది పోనే లేదు చెల్లె. గా దినం బస్సులనే ఎరుకైంది."

"మరి నాకన్న చెప్పకపోతివి."

"అంత మంది ముందల చెప్పిన. ఇగ దవాఖానకు పోతే, గీమె దేవుడు ఏం చేసిండని నవ్వరా? దేవుని పేరు నాతోని చెడద్దనుకున్న."

దేవుడి పరువు పోకూడదని మా అక్క చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతూ ఏడు నెలలు నొప్పి దాచుకుంది. ఆయన పరువు ఆయన చూసుకోలేడా? నాకు కోపం వచ్చింది, దేవుడి మీద కాదు. ఆయన చెప్పవలసింది చెప్పే పెట్టాడు. చదవనిది నేను.

కరీంనగర్‌లో డాక్టరు కాగితాలన్నీ చూసి, ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా అని అడిగాడు. ఇంటికి తీసుకెళ్లి నొప్పి తెలియకుండా చూసుకోమన్నాడు.

అక్కను సిరిసిల్ల తెచ్చాక పాస్టరుగారు చూడటానికి వచ్చారు. అడగవలసినవన్నీ మనసులో వరసగా పెట్టుకున్నాను. చెడామడా కడిగేద్దామనే ఉన్నాను. నేను నోరు తెరిచేలోపే అక్క మంచం మీద లేచి కూర్చుని ఆయనకు చేతులు జోడించింది.

"అయ్యగారూ, నా విశ్వాసం సాలలేదు. మంది ముందల అబద్ధమాడిన. దేవుడు నన్ను క్షమించాలని ప్రార్థన చెయ్యుండ్రి."

ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డ తప్పును క్షమించు తండ్రీ అని ప్రార్థించారు. నేను కళ్లు మూసుకుని ఆమెన్ అన్నాను.