వదిన లేని ఫోటో

పదేళ్లుగా ఒక ఫోటోను మోస్తున్నాను. అది వేలాడేది మా అన్నయ్య ఇంటి గోడకు. బరువు మాత్రం నా మీద ఉంది. మీరు నన్నెరగరు కనుక మీకు చెప్పగలుగుతున్నాను.

నేను నందిగామలో టీచర్ని. ఫోటోలు తీయడం నా సరదా. ఆ ఏడాది ల్యాప్‌టాప్‌లో ఫోటోలు దిద్దే కొత్త సాఫ్ట్‌వేర్ వేయించుకుని, వీడియోలు చూస్తూ నేర్చుకుంటున్నాను. వేదాద్రిలో తీసిన కృష్ణా నది ఫోటోలోంచి కరెంటు తీగలు చెరిపేశాను. బ్రష్‌తో రుద్దితే తీగ పోయి ఆకాశం వచ్చింది. ఎంత సంబరపడ్డానో.

అప్పటికి అమ్మ జగ్గయ్యపేటలో మంచాన పడి ఉంది. అన్నయ్య ఉద్యోగం హైదరాబాదులో. చూసుకునేది వదినే. ఒకరోజు బంధువుల ముందు ఆమె అంది: “ఫోటోలు తియ్యడానికొస్తది గానీ, ఒక్కనాడన్నా వాళ్లమ్మ దుప్పటి ఉతికిందా?”

ఉతకలేదు. అందుకే అంత మండింది. అబద్ధమైతే నవ్వి ఊరుకునేదాన్నేమో.

అంతకు వారం ముందే అమ్మ పట్టుబట్టి ఆఖరిసారి చర్చికి వచ్చింది. ఆరాధన అయ్యాక ఆవరణలో కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీశాను. వెనక వదిన, అమ్మ భుజం మీద చెయ్యి వేసి.

నందిగామ వచ్చి ఆ ఫోటో తెరిచాను. ప్రాక్టీసు కోసమే అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? వదిన ముఖం మీద రుద్దాను. ముఖం పోయింది, చీర పోయింది, వాటి చోట చర్చి గోడ వచ్చింది. భుజం మీది వేళ్లు మాత్రం ఒక పట్టాన పోలేదు. ఒక్కొక్క వేలునూ పెద్దది చేసి చూసుకుంటూ, మధ్యాహ్నం అన్నం కూడా మానేసి, అమ్మ చీర మడతలు అక్కడ అతికించుకుంటూ సాయంత్రం దాకా చెరిపాను. అంత ఓపిక అమ్మకు ఒక్క పూట తినిపించడానికి ఎందుకు లేకపోయింది నాకు? పాత ఫైలు మీదే సేవ్ చేశాను. కెమెరా కార్డు అప్పటికే ఖాళీ చేశాను. అసలు ఫోటో ఇక లేదు.

నెల తిరక్కుండా అమ్మ పోయింది. అమ్మ జ్ఞాపకంగా పెట్టిన ఆదరణ కూడికకు ఫోటో కావాలన్నారు. అదే ఇచ్చాను. వేరేవి లేవా? ఉన్నాయి. వదిన దాని ముందు కాసేపు నిలబడింది. నావైపు చూసింది. తర్వాత వచ్చినవాళ్లకు టీ ఇవ్వడానికి వెళ్లింది. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. మూడేళ్లకు ఆమె కూడా జబ్బు చేసి పోయింది.

నిరుడు ఆమె కూతురు, నా మేనకోడలు, ఆ ఫోటో దగ్గర నన్ను ఆపింది.

“అత్తా, నానమ్మ ఆఖరిసారి చర్చికెళ్లినప్పుడు అమ్మ రాలేదా?”

“మీ నాన్నని అడిగావా?”

“ఆయన ఊళ్లో లేడంట. నిన్నే అడగమన్నాడు.”

నిజం నోటిదాకా వచ్చింది.

“రాలేదమ్మా. ఏదో పనుండి ఉంటది.”

“అమ్మకి నానమ్మంటే పడేది కాదా?”

నేను మాట్లాడలేదు. మాట్లాడకపోతే పిల్లలు ఏమని అర్థం చేసుకుంటారో, ఇన్నేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, నాకు తెలియదా?

ఆ పిల్లకు ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాటివ్వలేను. క్షమించమని అడగడం లేదు, క్షమించాల్సిన మనిషి లేదు. కానీ ఎక్కడో ఒకచోట ఇది రాసి ఉండాలి. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

ఆ రోజు వదిన వచ్చింది. జ్వరంతో ఉన్న కూతుర్ని పక్కింట్లో వదిలి వచ్చింది. అమ్మను ఆటోలోంచి రెండు చేతులతో ఎత్తి దించింది ఆమే.