చన్నమ్మ ముక్కాలి

నారాయణఖేడ్ బస్టాండులో బస్సులు బయటికి మలుపు తిరిగే గేటు పక్కన చన్నమ్మ కాఫీ పోస్తుంది. బండి లేదు, డబ్బా లేదు, తల మీద రేకు లేదు. కింద గోనెపట్టా, దాని మీద చిన్న గ్యాసు పొయ్యి, పొడుగు ముక్కు కెటిలీ, ఒక ముక్కాలి. మూడు గొడుగు పుల్లల మీద ఒక తీగ చక్రం, ఆ చక్రానికి వేలాడే గుడ్డ సంచి. ముక్కాలి అంటే అంతే. సంచిలో కాఫీ పొడి వేసి, మరిగిన నీళ్లను సన్నటి ధారగా, గుండ్రంగా తిప్పుతూ పోయాలి. పొడి పొంగి, నీళ్లను తాగి, కింది గిన్నెలోకి నల్లగా వదులుతుంది. ధార మొదలుపెట్టాక మధ్యలో ఆపితే పొడి గడ్డకట్టి కాఫీ చేదెక్కుతుంది. అందుకని ధార నడుస్తున్నప్పుడు ఎవరు పిలిచినా చన్నమ్మ తల తిప్పదు.

ఊరు చాయ్ తాగే ఊరే. కానీ బీదర్ బస్సులు దిగేవాళ్లు, ఇంట్లో కన్నడం మాట్లాడుకునే వ్యాపారులు ఈమె దగ్గర ఆగుతారు. చన్నమ్మ ఇంట్లోనూ ఆ భాషే. పుట్టిల్లు కంగ్టి అవతల, సరిహద్దు మీది ఊరు. పెళ్లయిన కొత్తలో భర్తతో కలిసి చిక్కమగళూరు వైపు కాఫీ తోటల్లోకి కూలికి పోయింది. అక్కడి మేస్త్రీ తీగ చక్రానికి గుడ్డ కట్టి కాఫీ వంపుకునేవాడు. అది చూసి నేర్చుకుంది. ఒకరోజు కాఫీ మొక్కలకు నీడనిచ్చే చెట్టెక్కి కొమ్మలు నరుకుతుంటే భర్త నడుముకు కట్టుకున్న తాడు తెగింది. ఆయన పడ్డ చోటికి ఆమె పరుగెత్తేసరికి చేతిలో కత్తి అలాగే ఉంది, ప్రాణం లేదు. తిరిగొచ్చేటప్పుడు ఆమె తెచ్చుకున్నది ఆ కాఫీ విద్య ఒక్కటే.

చన్నమ్మ నోరు మంచిది కాదు, చెయ్యి అంతకంటే మంచిది కాదు. గిలాసలో ఉమ్మిన ఒక కండక్టరును గరిటెతో నుదురు పగిలేలా కొట్టింది. అలాంటి మనిషికి మొగులప్ప ఎదురుపడ్డాడు.

మనూరుకూ కంగ్టికీ తిరిగే షేర్ ఆటోల్లో కొన్ని మొగులప్పవి. మిగతావాటికి సీరియల్ నడిపేదీ అతనే. ఏ బండి ముందు నిలవాలో, ఏది వెనక నిలవాలో అతను వేలు చూపిస్తే డ్రైవర్లు అలా జరగాల్సిందే. బస్సు దిగిన మనిషి కంటికి మొదట ఆనేది చన్నమ్మ కూర్చున్న జాగా. అక్కడ తన మొదటి ఆటో నిలవాలని అతని పట్టు.

“చన్నీ, లే. గీడ నా బండి వెట్టాలె.”

“పెట్టుకో. నా నెత్తి మీద పెట్టు, చక్రాలు ఆనితె.”

డ్రైవర్లు నవ్వారు. మొగులప్ప కాలు లేచింది. అప్పట్లో ఆమెది చిల్లు కొట్టిన చెక్క పీట. దాని చిల్లులోంచి సంచి వేలాడేది. ఒక్క తన్నుకు పీట రెండు ముక్కలైంది. చన్నమ్మ విరిగిన పీట కాలు అందుకొని అతని ఆటో అద్దం మీద వేసింది. అద్దం జలజల రాలింది. మొగులప్ప ఆమెను చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లి రక్తం గోనెపట్టా మీద పడింది. ఆమె రక్తం ఉమ్మేసి, ఆ కట్టెతోనే అతని మోకాలి మీద ఇంకొకటి వేసింది.

రెండోసారి వెల్డింగు షాపులో ఇనుప కడ్డీకి చక్రం అతికించి బరువైన స్టాండు చేయించుకుంది. మొగులప్ప దాన్ని ఎత్తి బస్సు చక్రం కిందికి విసిరాడు. బస్సు పోయాక చూస్తే అప్పడమైంది. చన్నమ్మ అతని ముంజేయి కొరికి, పళ్లు దిగినా వదల్లేదు. వదిలించుకోవడానికి అతను ఆమె చెయ్యి మెలిపెట్టి పొయ్యి మీదికి తోశాడు. మోచేతి కింద కాలిన మచ్చ ఇప్పటికీ తోలు ముడుచుకొని ఉంది.

గేటుకు అవతలి పక్క హనోకు కూర్చుంటాడు. గొడుగులు, తాళాలు, బ్యాగుల జిప్పులు బాగుచేస్తాడు. మాట తక్కువ, చేతి పని ఎక్కువ. కెటిలీకి ఆ సన్నటి పొడుగు ముక్కు అతికించి ఇచ్చిందీ అతనే. ఆ రోజు చన్నమ్మ మోచేతికి తడిగుడ్డ చుట్టుకుంటుంటే, చేతిలోని గొడుగు తెరుస్తూ మూస్తూ అన్నాడు:

“చెల్లె, నువ్వు గట్టి సామాన్ చేపిస్తున్నవ్, వాడు గట్టిగ తంతుండు. గొడుగును జూడు. గాలి ఎక్కువైతె మడత వడ్తది. గాలి వోయినంక మల్ల లేస్తది.”

“అయితె నన్ను గొడుగోలె ముడుచుకొమ్మంటవా?”

“నిన్ను గాదు. నీ చక్రాన్ని.”

పాత గొడుగుల పుల్లలు జంటలు జంటలుగా కలిపి మూడు కాళ్లు చేశాడు. చక్రానికి వాటిని రివిట్లతో తగిలించాడు. ఆ పనిలో అసలు కిటుకు రివిట్టు తల మీద దెబ్బలో ఉంది. తక్కువ కొడితే ఊడిపోతుంది. ఒక దెబ్బ ఎక్కువైతే బిగుసుకుంటుంది. సరిగ్గా ఆపితేనే కాలు ఆడుతుంది. చన్నమ్మ కూడా ఒకటి కొట్టి చూసింది, బిగుసుకుపోయింది. హనోకు దాన్ని చెక్కి తీసేస్తూ నవ్వాడు.

“కొట్టుడు అందరికొస్తది చెల్లె. ఆపుడే రాదు.”

చక్రం పట్టి గుంజితే మూడు కాళ్లూ దగ్గరికొచ్చి గొడుగులా ముడుచుకునేవి. గంజిగుడ్డలో చుట్టి నడుముకు చెక్కుకోవచ్చు. ఇక మొగులప్ప వస్తున్నాడంటే చన్నమ్మ ఒక్క గుంజు గుంజి, పొయ్యీ కెటిలీ పట్టుకొని మూత్రశాల గోడ వెనక్కి పోయేది. అతని బండి నిండి కదిలాక వచ్చి మళ్లీ తెరుచుకునేది. అద్దాలు పగలడం, పెదవులు చిట్లడం ఆగిపోయాయి. సగం పోసిన కాఫీ పారబోయాల్సి వచ్చేది, అంతే.

అయితే కొన్నాళ్లకు మొగులప్పకు అదొక ఆటగా మారింది. బండి పెట్టే పని లేకున్నా వచ్చేవాడు. దూరం నుంచే చప్పట్లు కొట్టేవాడు.

“మడువు, మడువు! జల్దీ మడువు!”

ఆమె ధార ఆపి గుంజేది. అతను వచ్చి ఆ ఖాళీ చోటును తన్ని పోయేవాడు. డ్రైవర్లు ఈలలు వేసేవారు. ఒకసారి వేడి పొడి సంచితో సహా ఒళ్లో పడి తొడ కాలింది. కాలిందని కూడా వాళ్లు నవ్వారు. ఆమె ఎదురు తిరిగిన రోజుల్లో అతని కాలు ఒకసారి లేచి ఆగేది. ముడుచుకోవడం చూశాక రోజూ లేవడం మొదలుపెట్టింది.

ఒక అంగడి రోజు అతను నిజంగానే కోపంతో వచ్చాడు. కిరాయి దగ్గర ఎవరితోనో కలబడి, చొక్కా చినిగి, చేతిలో జాకీ రాడ్డు పట్టుకొని ఉన్నాడు. చన్నమ్మ ఆ రాడ్డు చూసింది. ముక్కాలి గుంజి, కెటిలీ పట్టుకొని గోడ వెనక్కి పోయింది. గిలాసలు పట్టా మీదే మిగిలిపోయాయి. బండి కిందికి పోతాయని హనోకు వచ్చి వాటిని ఏరుతున్నాడు.

“యాడ వొయింది అది?”

“నీ జాగా నీకు దొరికింది గద మొగులప్ప. గిలాసలు ఏం జేసినయ్?”

రాడ్డు దిగింది. గిలాసలు ఏరుతున్న చేతి మీదే దిగింది. గాజూ వేళ్లూ ఒకేసారి పగిలిన చప్పుడు గోడ వెనకున్న చన్నమ్మకు వినిపించింది. హనోకు అరుపు ఆ తర్వాత వినిపించింది. మడిచిన ముక్కాలి ఆమె కడుపుకు వేడిగా ఆనుకొని ఉంది. సంచిలోంచి కాఫీ కారి చీర తడుస్తోంది. ఆమె కాళ్లు కదల్లేదు. రాడ్డు ఇంకోసారి దిగింది. అప్పుడూ కదల్లేదు.

సర్కారు దవాఖానలో కట్టు కట్టారు. కుడిచేతి రెండు వేళ్లు ఇక నిటారుగా రావన్నారు. కేసు పెడదామంటే హనోకు వద్దన్నాడు.

“రేపు మల్ల గా గేటు కాడనే కూసోవాలె గద.”

చన్నమ్మ అతని ఇంటికి పోయింది. హనోకు భార్య అమృతమ్మ గడపలోనే ఎదురొచ్చి చెంప పగలగొట్టింది.

“నువ్వు ముడుచుకొని వొయినవ్. ఇగ నా మొగడు సుత్తె ఏ చేత్తోని పట్టాలె? చెప్పు!”

ఇంకో చెంప మీదా పడింది. కండక్టరు మీదా, మొగులప్ప మీదా లేచిన చెయ్యి ఆ రోజు లేవలేదు. చన్నమ్మ ముక్కు చీదుకొని, నడుములోంచి ముక్కాలి తీసి గడప మీద పెట్టింది.

“వదినా, సుత్తె ఇయ్యి.”

“ఎందుకే?”

“బిగిస్త.”

మంచం మీది నుంచి హనోకు తల ఎత్తాడు. “బిగిస్తె ఇగ మడత వడదు.”

“పడొద్దు.”

“వాడొస్తె?”

“ఉంట.”

హనోకు భార్య వైపు తిరిగాడు. “దాగలి కూడ ఇయ్యి,” అన్నాడు. ఇనుప దిమ్మ తెచ్చి అమృతమ్మ దాన్ని నేలకేసి కొట్టినట్టు పెట్టింది. మొదటి రివిట్టు బాగానే కుదిరింది. రెండోది కొట్టేటప్పుడు చన్నమ్మకు ఆ గాజు చప్పుడు గుర్తొచ్చింది. సుత్తె పక్కకు జారి తల వంకర పోయింది.

“కోపం సుత్తెలకు రానియ్యకు,” అన్నాడు హనోకు. “రివిట్టు మొగులప్ప గాదు.”

అమృతమ్మకు నవ్వొచ్చింది. నవ్వు దాచుకోవడానికి లోపలికి పోయింది.

మూడు కాళ్లూ బిగుసుకున్నాక, షాబాదు బండకు చిల్లులు పెట్టించి, కాళ్లను అందులో దించి సిమెంటు నింపింది. బండ ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. గేటు పక్కన రెండు ఇటుకల మీద ఆనించి, పైన ఎప్పటిలాగే గోనెపట్టా పరిచింది. చూసేవాడికి పాత గొడుగు పుల్లలే, పాత పట్టానే.

మొగులప్ప వచ్చాడు. చప్పట్లు కొట్టాడు. చన్నమ్మ ధార పోస్తోంది.

“మడువు!”

ధార ఆగలేదు. బీదర్ బస్సు డ్రైవరొకడు గిలాస కోసం చెయ్యి చాచి, ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“చెవులు వొయినయా? మడువంటె మడువ్!”

“ఇది మడత వడదు,” అంది చన్నమ్మ, తల ఎత్తకుండానే.

అతను ఎప్పుడూ తన్నే చోటే, ఎప్పుడూ తన్నే బలంతో తన్నాడు. అక్కడ గాలి తప్ప ఏమీ ఉండదని ఆ కాలికి అలవాటు. చెప్పు ముందు వేళ్లు బండ అంచుకు తగిలాయి. ఎముక విరిగిన చప్పుడు డ్రైవర్లందరికీ వినిపించింది. బండ అంగుళం కూడా జరగలేదు.

మొగులప్ప పడబోతూ చన్నమ్మ జుట్టు అందుకున్నాడు. నొప్పికి పిచ్చెక్కినవాడు పట్టిన పట్టు అది. తల వెనక్కి విరిచి, నేలకు లాగాడు. కుదుళ్లు తెగుతున్న చప్పుడు ఆమెకు చెవి లోపలి నుంచి వినిపించింది. ఆమె చేతిలో కెటిలీ ఉంది, నిండా మరిగిన నీళ్లున్నాయి. ముఖం మీద కుమ్మరిస్తే అతని కళ్లు పోయేవి. ఆమెకు ఆ ముఖం దగ్గరగా కనిపించింది, చెమటతో, నోరు తెరుచుకొని. కెటిలీ పైకి లేచింది.

తన తల మీదున్న అతని పిడికిలి మీద సన్నటి ధార పెట్టింది. కాఫీ మీద పోసినట్టే, గుండ్రంగా తిప్పుతూ. అతను కేక పెట్టాడు, పట్టు వదల్లేదు. ఆమె ధార ఆపలేదు. సగం నీళ్లు తన నెత్తి మీదే కారుతున్నాయి. చెవి వెనకా మెడ మీదా తోలు ఉడుకుతోంది. పళ్లు బిగపట్టి తిప్పుతూనే ఉంది. చివరికి అతని వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. వాటితో పాటు జుట్టు కుచ్చు ఒకటి ఊడి వచ్చింది.

వేళ్లు విచ్చుకోగానే ఆమె కెటిలీ పైకెత్తి ఆపేసింది. ఇంకా నీళ్లున్నాయి.

“సాకు,” అంది కన్నడంలో. చాలని తనకే చెప్పుకుందో, అతనికే చెప్పిందో.

మొగులప్ప రాడ్డు కోసం డ్రైవర్ల వైపు చెయ్యి చాచాడు. ఎవరూ ఇవ్వలేదు. అతని ఆటో నడిపే శాంతప్ప ముందుకొచ్చి చంకల కింద చేతులు వేసి లేపాడు.

“ఇగ నడువన్నా. కాలు జూడు, ఎట్ల ఉబ్బిందో.”

“దాన్ని చంపుత!”

“చంపుదువు గని, ముందుగాల దవాఖానకు నడువు.”

మొగులప్ప మంచివాడేమీ కాలేదు. ఇప్పటికీ అటు పోతూ తిడతాడు, చన్నమ్మ రెండింతలు తిడుతుంది. కుంటుతున్న ఆ కాలు మాత్రం లేవదు. మొదటి ఆటో బండకు అవతల నిలుస్తోంది. చన్నమ్మ నెత్తి మీద అరచేతంత మేర జుట్టు మళ్లీ రాలేదు. కొంగు కప్పుకుంటుంది.

కట్టు విప్పాక హనోకు గేటు దగ్గరికి వచ్చాడు. తన చోటుకు పోకుండా నేరుగా ముక్కాలి ముందు గొంతుకూర్చున్నాడు. వంకర వేళ్లున్న చెయ్యి ఒళ్లో పెట్టుకొని, ఎడమ చేతి వేలితో రివిట్లు తడిమాడు.

“రెండోది వంకర వొయింది.”

“తెలుసన్నా.”

“కన్నుకు మంచిగ లేదు. చెక్కి తీసి కొత్తది ఏద్దాం. సుత్తె ఎడమ చేత్తోని పట్టుడు నేర్చుకుంటున్న.” అతను సంచి వైపు చెయ్యి చాచాడు. “జర దీన్ని తియ్యి.”

“ఆగు,” అంది చన్నమ్మ, కెటిలీ వంచుతూ. “ధార మొదలువెట్టిన.”

హనోకు చెయ్యి వెనక్కి తీసుకొని, పొడి పొంగడం చూస్తూ అలాగే కూర్చున్నాడు.